ఐ షోకా?

అరబ్బు దేశంలో, అల్ ఖౌద్‌లోని ఆ ఇంట్లో అందరూ చేత్తోనే తింటారు. పెద్ద పళ్లెంలో అన్నం, దాని మీద మాంసం, చుట్టూ మనుషులు. కడపలో పెళ్లిళ్లకు వండిపెట్టిన చాంద్ బీకి ఆ తిండి కొత్తగా అనిపించలేదు. కొత్తగా ఉన్నది మాటలు లేకపోవడమే. పనివాళ్లు ఇంటి యజమానురాలిని ‘మామా’ అని పిలవాలి. ఆ పిలుపుతో పాటు నీళ్లు, ఉప్పు, సరే లాంటి కొన్ని అరబ్బీ మాటలు నేర్చుకుంది. రోజంతటికీ అవే సరిపోయేవి. తన భాష చెవిన పడాలంటే ఫోనులో చెల్లెలు తహ్సీన్ పలకాల్సిందే.

తహ్సీన్ ఉండేది కారులో దాదాపు రెండు గంటల దూరంలోని ఖబూరాలో. ఆమె మొగుడికి అక్కడ చిన్న టైలరు షాపు. ఒకే దేశంలో ఉండి కూడా అక్కాచెల్లెళ్లు ఇంతవరకూ కలుసుకోలేదు. శుక్రవారం అందరికీ సెలవు, వంటమనిషికి మాత్రం ఇంటినిండా చుట్టాలు. ఇప్పుడు షాపు ఎత్తేస్తున్నారు. వచ్చే శనివారం విమానమెక్కితే ఇక తిరిగి రారు. మిగిలింది ఒక్క శుక్రవారం.

“ఆపా, సెలవు అడుగు, నోరుంది కదా!” అనేది తహ్సీన్ అక్కతో.

“ఉండాదిలే. ఉప్పు కావాలంటే తెరుచుకుంటాది. నాకు కావాలంటే తెరుచుకోదు.”

ఆ వారంలోనే ఒకరోజు మామా ఆమెను వెంటబెట్టుకుని వెండి దుకాణానికి వెళ్లింది. విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే ఇంటాయన శుక్రవారం భోజనానికి విదేశీ అధ్యాపకులను పిలిచాడు. వాళ్ల కోసం వెండి చెంచాల సెట్టు కావాలి. దుకాణంలో పనిచేసే గంగాప్రసాద్ జగిత్యాల మనిషి; చాంద్ బీది కడప అని అడిగి తెలుసుకున్నాడు. నీలం మఖమలు గుడ్డ మీద మూడు రకాలు పరిచాడు. ఒకదాని కాడ మీద ఖర్జూరపు మట్ట చెక్కి ఉంది. ఇంకోదానికి తాడు మెలిక. మూడోదానికి అంచు వెంట సన్నటి పూసలు. మామా ఒక్కోటీ తీసి చూసింది, పెట్టింది, మళ్లీ తీసింది. ఎటూ తేలక చాంద్ బీ వైపు తిరిగింది.

“ఇంతీ, చాంద్... ఐ షోకా?”

ఇంతీ అంటే నువ్వు. ఐ అంటే ఏది. ఆ రెండూ తెలుసు. మూడోదీ తెలిసిన మాటే అనిపించింది. ఇంట్లో మాట్లాడుకునే దక్కనీలో శౌఖ్ అంటే మనసు పడటం. వీధిలోని తెలుగువాళ్లు ‘ఏం షోకే నీకు’ అంటే అది ఎత్తిపొడుపు. మామా గొంతులో ఎత్తిపొడుపు లేదు. నీకేం కావాలని అడుగుతోంది. ఈ ఇంట్లో అడుగుపెట్టాక ఎవరూ అడగని మాట.

“ఖబూరా,” అంది చాంద్ బీ. “జుమా... ఖబూరా, మామా.”

మామా తెల్లబోయింది. శుక్రవారం ఖబూరాలో ఇంతకన్నా మంచి వెండి అమ్ముతారా అని గంగాప్రసాద్‌ను అడిగింది.

“ఖబూరా ఏందక్కా? నిన్ను అడిగిందేంది, నువ్వు చెప్పిందేంది?” అన్నాడు అతను తెలుగులో.

“నా షోకు అడిగింది కదా నాయనా. చెప్పినా.”

గంగాప్రసాద్ పగలబడి నవ్వాడు. “షోకు కాదక్కా, షోకా! గీ ముండ్ల చెంచ. అరబ్బీల ముల్లును గుడ గట్లనే అంటరు. ఏ డిజైన్ మంచిగున్నదని అడుగుతున్నది, గంతే. ఇంతకు ఖబూరాల ఏమున్నది నీకు?”

“మా చెల్లెలు.”

అతని నవ్వు ఆగింది. “చెప్పాల్నా ఆమెకు?”

చాంద్ బీ తలూపింది.

విని మామా నిజంగానే నొచ్చుకుంది. చెల్లెలుందని చెప్పనేలేదేం అంటూ భుజం మీద చెయ్యి వేసింది. ఈ శుక్రవారం అతిథులున్నారు, పై శుక్రవారం కారులో పంపిస్తానంది.

“ఒప్పుకున్నదక్కా! కార్ల పంపుతదట!” గంగాప్రసాద్ తనకే సెలవు దొరికినట్టు మురిసిపోయాడు.

పై శుక్రవారానికి చెల్లెలు ఉండదు. ఆ మాట నాలుక దాకా వచ్చింది. కానీ ఇద్దరూ ఆమె మొహంలోకి చూస్తూ నవ్వుతున్నారు. ఇచ్చిన దాన్ని మార్చి ఇమ్మనడం ఆమెకు ఎన్నడూ చేతకాలేదు.

“షుక్రన్, మామా,” అంది.

“ఇగ డిజైన్ చెప్పక్కా.”

మామా చూపు మొదటినుంచీ ఖర్జూరపు మట్ట దగ్గరే ఆగుతోంది. చాంద్ బీ దాన్నే వేలితో చూపించింది. తనకూ అదే నచ్చిందని మామా చప్పట్లు కొట్టింది.

శనివారం పొద్దున, చెంచాల మీది మట్ట గీతల్లో ఇరుక్కున్న మసాలాను మెత్తటి గుడ్డతో తీస్తుంటే ఫోను మోగింది.

“ఆపా, కారులో ఎయిర్‌పోర్టుకు పోతాండాం. అల్ ఖౌద్ బోర్డు కనపడతాంది. మీ ఇల్లు యా పక్క?”

చాంద్ బీ తడి చేతులతోనే మిద్దె మెట్లెక్కింది. “కుడి పక్క. మిద్దె మీదికొచ్చినా. తెల్ల ఇల్లు చూడు.”

“ఈడ అన్నీ తెల్ల ఇండ్లే కదాపా!” తహ్సీన్ నవ్వబోయింది. “చెయ్యి ఊపు. చూస్తాండా.”

చాంద్ బీ చెయ్యి ఊపింది. రోడ్డు అక్కడి నుంచి కనపడదు. నీళ్ల ట్యాంకులు, టీవీ డిష్షులు, వాటి వెనక ఎండ.

“కనపడినావులే,” అంది తహ్సీన్.

ఫోను తెగిపోయాక కూడా చాంద్ బీ చెయ్యి దించలేదు.