గాలి దగ్గర పొదుపు

పొద్దున్నే నా మనవరాలు స్వాతి నెబ్యులైజర్ ప్లగ్గు పెడుతుంది. గుర్రుమని మోత మొదలవుతుంది. బల్ల సన్నగా వణుకుతుంది. వేడెక్కిన రబ్బరు వాసన గదంతా పరుచుకుంటుంది. చిన్న గిన్నెలోని మందు తుంపరై నా ముక్కు మీది మాస్కులోకి తెల్లగా లేస్తుంది. ఈ ఆయాసం మనిషిని అరగదీస్తుంది. మంచం మీంచి లేచి వంటింటిదాకా పోయేసరికే ఒక రోజు పని చేసినంత అలుపు. కానీ ఆ మోత వింటున్నంతసేపూ నేను ఈ గదిలో ఉండను. చిక్కడపల్లి లైబ్రరీ వెనక సందులో, సుదర్శనం సార్ గదిలో ఉంటాను. అక్కడ కూడా ఇలాగే ఒక మిషను మోగేది. దాని గాలితో రంగు వచ్చేది.

సార్ నమూనా విమానాలు చేసేవారు. పిల్లలు ఆడుకునేవి కావు. అసలు విమానానికి ఉన్న ప్రతి తలుపూ, ప్రతి గీతా అందులోనూ ఉండాలి. ట్రావెల్ ఆఫీసులవాళ్ళు అద్దాల వెనక పెట్టుకోవడానికి చేయించుకునేవారు. ఒకప్పుడు తాము నడిపిన విమానం కళ్ళముందు ఉండాలని కొందరు వచ్చేవారు. నేను చదివింది నాలుగో తరగతి. గది ఊడ్చడానికి చేరాను. ఆర్నెల్లలో ఎమరీ కాగితంతో రెక్కలు నునుపు చేసే పని నా చేతికొచ్చింది. "నీ చేతికి తొందర లేదు సత్తెమ్మా, అది నేర్పితే వచ్చేది కాదు," అనేవారు సార్. మెచ్చుకున్నా నవ్వేదాన్ని కాదు. నవ్వితే పని పెంచుతారేమోనని అనుమానం.

ఎనిమిదేళ్ళకు సార్ కుడిచెయ్యి వణకడం మొదలైంది. సరిగ్గా అప్పుడే అశోక్‌నగర్ నుంచి రిటైరైన పైలట్ ఒకాయన తన పాత విమానం కావాలని వచ్చారు. సార్ ఒప్పుకున్నారు. ఆయన అటు వెళ్ళగానే నావైపు తిరిగారు.

"రంగు నువ్వే కొట్టాలె."

"నాతోని కాదు సార్. ఖరాబైతే?"

"నువ్వు కొట్టకుంటే ఈ గదికి తాళమే. ఇద్దరం ఇంటికి పోయి కూసుందం."

రంగును తుంపరగా చిమ్మే సార్ పాత ఎయిర్ బ్రష్షూ, దానికి గాలినిచ్చే కంప్రెసరూ ఆయనతో పాటే అరిగిపోయాయి. కొత్తవి కొందామని సుల్తాన్ బజార్ వైపు ఒక దుకాణానికి వెళ్ళాం. దుకాణదారు రెండు బ్రష్షులు పెట్టాడు. ఒకదానికి మీట నొక్కితే గాలీ రంగూ కలిసే వస్తాయి. అది చవక. రెండోదానికి నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. ఎంత లాగితే అంత. నేను చవకదాని మీద చెయ్యి వేశాను.

"నొక్కుడు చాలదా సార్? మళ్ళ ఈ లాగుడెందుకు?"

నాతో ఎలా వాదించాలో సార్‌కు తెలుసు. రెండోదాని నెత్తిన ఉన్న చిన్న గిన్నె చూపించారు. "రంగు పైనుంచి దిగుతది. ఆఖరి బొట్టు దాక వాడుకోవచ్చు. నువ్వు పట్టుకున్నదానికి సీస కింద ఉన్నది చూడు. అడుగున మిగిలిందంత పారబోసుడే."

పారబోయడం అన్న మాట వింటేనే నాకు ఒళ్ళు మంట. రెండోదే తీసుకున్నాం.

కంప్రెసర్ దగ్గర మాత్రం మొండికేశాను. "మా ఇంట్ల పాడైన ఫ్రిజ్ ఉన్నది సార్. దాని కంప్రెసర్ మంచిగనే ఉన్నది. రాంనగర్‌ల మెకానిక్ పైపు బిగించి ఇస్తడు." "దాంట్ల ఆయిల్ ఉంటది. ఫిల్టరన్న పెట్టించు," అన్నారు సార్. సరే అన్నాను. పెట్టించలేదు. ఇంకో వస్తువు అంటగట్టడానికి మెకానిక్ చెప్పే మాటే సార్ కూడా చెబుతున్నారనుకున్నాను.

పదిహేను రోజులు పాత పేపర్ల మీద చెయ్యి తిప్పుకున్నాక విమానానికి తెల్లరంగు కొట్టాను. ఎడమ రెక్క పాలమీగడలా వచ్చింది. కుడి రెక్క మీద ఉన్నట్టుండి రంగు అంటుకోకుండా చిన్న చిన్న గుంటలు పడ్డాయి. తాకితే వేలికి జిడ్డు. గాలితో పాటు ఫ్రిజ్ ఆయిల్ కూడా వచ్చి కూర్చుంది.

"ఫిల్టర్ పెట్టియ్యలేదా?"

"లేదు సార్."

తిడతారనుకున్నాను. తిడితే నాకే తేలికయ్యేది. సార్ వణికే చేతిని ఎడమచేత్తో పట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. "అన్నిట్ల పొదుపు చెయ్యి సత్తెమ్మా, నేను వద్దన. గాలి దగ్గర చెయ్యకు," అన్నారు. అంతే.

మర్నాడు ఇద్దరం ట్యాంకు ఉన్న కంప్రెసర్ కొన్నాం. దుకాణదారు చెప్పేది సార్ వినలేదు. "ముందు అరగంట నడిపియ్," అని స్టూలు మీద కూర్చుని, నా అరచెయ్యి తీసి మిషను మీద పెట్టించారు. "మోత ఎక్కువనా తక్కువనా అని కాదు, నడుమల మారుతున్నదా వినాలె. చెయ్యి కాలితే వద్దు." ట్యాంకు ఉంటే గాలి తన్నకుండా ఒకే తీరుగా వస్తుందనీ, పక్కనున్న గాజు గిన్నె నీళ్ళనూ జిడ్డునూ పట్టేస్తుందనీ అక్కడే చూపించారు. వస్తూ వస్తూ నాకొక మాస్కు కొన్నారు. మంచి రబ్బరుది, రెండు వైపులా గుండ్రటి ఫిల్టర్లతో.

రెక్క రంగంతా గీకి మళ్ళీ కొట్టాను. పైలట్ దాన్ని కిటికీ వెలుగులోకి తిప్పి చాలాసేపు చూశారు. ఒకప్పుడు తాను కూర్చుని నడిపిన చోట వేలు ఆనించి, "ఎవరు కొట్టిన్రు రంగు?" అన్నారు. "మా సత్తెమ్మ. నేను ఉత్తగ చూసిన," అన్నారు సార్. నేను చేసిన పనిని నా పేరుతో ఒకరు చెప్పడం నేను వినడం అదే మొదలు.

మాస్కు మాత్రం ఇంటికి తెచ్చి, కవరు విప్పకుండా పెట్టెలో దాచాను. అంత మంచి వస్తువు రోజూ వాడితే పాడవుతుందని. ముక్కుకు కొంగు కట్టుకుని రంగు కొట్టేదాన్ని.

"మాస్కేదమ్మా?"

"ఇంట్ల ఉన్నది సార్. భద్రంగ."

"దానికేం కాదులే. నీ సంగతి చూసుకో."

కొన్నాళ్ళు అడిగారు. తరవాత అడగడం మానేశారు. పదకొండేళ్ళు ఆ గదిలో రంగు కొట్టాను. సార్ పోయాక ఆ గదిని ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లల హాస్టల్‌కు కిరాయికిచ్చారు. కంప్రెసర్ ఎవరికో వెళ్ళింది. ఆయాసం నాకు మిగిలింది. రంగు వల్లనేనని డాక్టరు గట్టిగా చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా లేదు.

పోయిన నెల నారాయణగూడలో నెబ్యులైజర్ కొనడానికి వెళ్ళినప్పుడు, అన్నిటికన్నా చవకది అడగబోయి ఆగాను. ఒకటి నడిపించమని అరచెయ్యి పెట్టాను. "నానమ్మా, అందరు చూస్తున్నరు," అని స్వాతి గొణిగింది. "చూడనీ," అన్నాను. పది నిమిషాలకు దాని మోత మారింది, చెయ్యి కాలింది. వద్దన్నాను. రెండోది అరగంట నడిచినా గొంతు మార్చలేదు. అదే తెచ్చుకున్నాం.

ఆ రోజే పెట్టె తీశాను. సార్ కొన్న మాస్కు కవర్లోనే ఉంది. రబ్బరు బీటలువారి, పట్టీ ముట్టుకుంటే పొడిగా రాలింది. ఒక్కరోజు కూడా పెట్టుకోలేదు. ఎందుకో పారెయ్యలేక మళ్ళీ పెట్టెలోనే పెట్టాను.

"అయిపోయింది నానమ్మా, తీసెయ్యనా?" అంటోంది స్వాతి, మోగుతున్న నెబ్యులైజర్ పక్కన నిలబడి.

ముక్కు మీది మాస్కు తియ్యకుండానే మందు గిన్నెను వేలితో తట్టాను. అంచుకు అంటుకున్న బొట్టు అడుగుకు జారింది. మళ్ళీ తెల్లగా లేచింది.

"ఉండు," అన్నాను.