నోటితో కొట్టిన గంట

మా చిన్నమ్మాయి పదో తరగతి పరీక్షలు రాసి, సెలవులు ఊరికే పోతున్నాయని టైపు నేర్చుకోవడానికి చేరింది. మొదటిరోజు దాన్ని దింపడానికి నేనే వెళ్ళాను. మెట్లెక్కుతుండగానే ఆ చప్పుడు ఎదురొచ్చింది. రేకుల కప్పు మీద వాన మొదలైనట్టు మీటల చప్పుడు, దాని మధ్యలో అక్కడొకటీ ఇక్కడొకటీ చిన్న గంటలు. నేను లెక్కల మనిషిని. బడిలో కంటే ఇంటికొచ్చాక ఒంటరిగా కూర్చుని నేర్చుకున్న లెక్కలతోనే ఇన్నేళ్ళూ ఒక స్పేరు పార్టుల కొట్టులో జమాఖర్చులు చూస్తున్నాను. ఎక్కడికి వెళ్ళినా ముందు గదిలో కుర్చీలు లెక్కపెట్టుకోవడం అలవాటు. ఆ రోజు మాత్రం ఒక్క మిషను కూడా లెక్కపెట్టలేదు. గుమ్మంలోనే నిలబడి, ఆ గంటల్లో ఒక్కటైనా మనిషి గొంతులా వినిపిస్తుందేమోనని చెవి పెట్టాను. వినిపించలేదు. వినిపించదని తెలుసు.

మా వదినా నేనూ టైపు నేర్చుకున్నది చిలకలగూడలో, చర్చి వెనకాల ఉన్న పొడుగాటి గదిలో. వదిన అంటే మా మేనత్త కూతురు. నాకంటే కాస్త పెద్దది, జడ నాకంటే చాలా పెద్దది. రెండు కుటుంబాలదీ ఒకే వాకిలి. మాకు బడిలో ఇంగ్లీషు చెప్పే టీచరమ్మది గుంటూరు వైపు. భర్త పోయాక అన్నగారి దగ్గరికి సికిందరాబాదు వచ్చి ఇక్కడే ఉండిపోయింది. హైస్కూలు చదువు అయ్యాక ఆడపిల్లలు ఏం చేస్తారన్న ప్రశ్నకు ఊళ్ళో అందరి దగ్గరా ఒకే జవాబు ఉండే రోజుల్లో, ఆవిడ దగ్గర ఇంకో జవాబు ఉండేది. బడి వదిలాక సాయంత్రాలు పెద్ద తరగతుల పిల్లల్ని కూర్చోబెట్టి ఆఫీసు పనులు నేర్పేది. ఉత్తరం మూడు మడతలు ఎలా పెట్టాలి, కాగితాలు ఏ వరసలో దాస్తే మళ్ళీ దొరుకుతాయి, ఆఫీసు పెద్దాయన గదిలోకి ఎలా వెళ్ళాలి, అన్నీ. పోయిన భర్తగారి కళ్ళజోడు పెట్టుకుని ఆవిడే పెద్దాయన అయిపోయేది. మేం లేని తలుపు మీద గాలిలో తట్టి, లేని గడప దాటి లోపలికి వెళ్ళేవాళ్ళం. "ఏవమ్మా, గోడలోంచి వచ్చేశావే! తలుపు అటుందిగా!" అని ఆవిడ గద్దిస్తే గదంతా నవ్వు. చివర్లో మాత్రం కళ్ళజోడు తీసేసి రోజూ ఒకే మాట చెప్పేది. "తెలియంది తెలియదనండి. కావలసింది నోరు తెరిచి అడగండి. తల మాత్రం వంచుకుని నిలబడకండి."

ఉన్నది ఒకటే టైపు మిషను. ఎవరో తెల్లదొరగారు సీమకు వెళ్ళిపోతూ అమ్మేసిన సామానులో వచ్చింది. మిగతా వాళ్ళకి ఆవిడ అట్టల మీద సిరాతో మీటలు గీసి, పలకల మీద అంటించి ఇచ్చింది. ఆ అట్టల మీదే వేళ్ళు ఆడించేవాళ్ళం. పైగా ఆ ఒక్క మిషనుకు గంట లేదు. వరస అయిపోవస్తుంటే మోగి, కాగితం చుట్టిన బండిని వెనక్కి తోయమని చెప్పే చిన్న గంట అది. ఎప్పుడో ఊడిపోయింది. బాగుచేసే ఆయన్ని అడిగితే మద్రాసు నుంచి రావాలన్నాడు. రాలేదు. అందుకని టీచరమ్మ ఒక పద్ధతి పెట్టింది. వరసలో ఎన్ని అక్షరాలు పడతాయో మనసులో లెక్కపెట్టుకుంటూ కొట్టాలి. చివరికి రాగానే నోటితో "టింగ్" అనాలి, అంటూనే ఎడమచేత్తో బండిని తోయాలి. అట్ట మీద అయితే గాలిని తోయాలి. సాయంత్రం ఎండ కిటికీల్లోంచి ఏటవాలుగా పడుతుంటే, చప్పుడు లేని మీటల మీద అన్ని వేళ్ళూ కదులుతుంటే, ఒక మూల నుంచి టింగ్, ఇంకో మూల నుంచి టింగ్. కొందరిది సన్నగా, కొందరిది జలుబు గొంతుతో. మా వదినది అన్నిటికంటే మెత్తగా, నీళ్ళలో చుక్క పడ్డట్టు ఉండేది. నాకు లెక్క తప్పేది కాదు గానీ వేళ్ళు తప్పేవి. "నీకు దేవుడు వేళ్ళన్నీ తలలో పెట్టాడమ్మా" అనేది టీచరమ్మ.

మా మామయ్య, అంటే వదిన నాయన, నిజాం సర్కారు దఫ్తరులో ఉర్దూ గుమాస్తా. ఆయన రాసిన ఉర్దూ అక్షరాలు చదవడం రానివాళ్ళు కూడా కాసేపు చూస్తూ నిలబడేవాళ్ళు. కూతురి అట్టను చూసి మొదట్లో ఒకటే నవ్వు. "ఏందమ్మా, అట్ట మీద నౌకరీ షురూ జేసినవా? తన్ఖా సుత అట్ట మీదనే ఇస్తరా?"

"నువ్వు నవ్వు నాయనా. నాకు వరస తప్పుతది" అనేది వదిన, చెయ్యి ఆపకుండా.

తర్వాత ఊళ్ళో గొడవలు ముదిరి నవ్వులు తగ్గాయి. సాయంత్రపు క్లాసులు ఆగిపోయాయి. టీచరమ్మ మిషనును గోనెపట్టాలో చుట్టి అల్వాల్‌లో చుట్టాలింటికి పంపేసింది. వీధి తలుపులు పగలు కూడా మూసి ఉండేవి. ఎవరు ఎటువైపో, రేపు ఎవరి రాజ్యమో పెద్దవాళ్ళు గుసగుసలాడుకునేవాళ్ళు. ఆ చీకటి ఇంట్లో కిటికీ సందులోంచి పడే వెలుగు చారలో అట్ట పెట్టుకుని మేమిద్దరం కొట్టేవాళ్ళం. టింగ్ కూడా గుసగుసగానే. ఒక మధ్యాహ్నం దూరంగా ఉరుములాంటి చప్పుడు మొదలై ఆగకుండా సాగింది. తిరుమలగిరి వైపు పోతున్న సైన్యం బండ్లు అని తర్వాత తెలిసింది. మా అమ్మ దేవుడి ముందు కూర్చుంది. వదిన తల ఎత్తి విని, "జెర ఆగు, వరస అయిపోనీ" అంది. ఆ మాట ఎవరితో అన్నదో ఇప్పటికీ తెలియదు. పోలీస్ యాక్షన్ అన్న పేరు మా ఇంటికి ఆ వరస చివరన వచ్చింది.

రాజ్యం మారాక దఫ్తరుల్లో భాష మారడం మొదలైంది. కాగితాలు ఇంగ్లీషులో రాసాగాయి, మామయ్యకు ఆ అక్షరాలే రావు. ఆ తర్వాత ఇక దఫ్తరుకు రానక్కరలేదన్నారు. కిరాయి ఇల్లు వదిలేసి అందరూ మెదక్ వైపు వాళ్ళ ఊరికి వెళ్ళిపోవాలని నిర్ణయమైంది. అక్కడ హైస్కూలు లేదు. వదిన తమ్ముళ్ళ చదువు అక్కడితో సరి. నాకైతే వాకిలి సగం ఖాళీ. అదే వేసవిలో వదిన మెట్రిక్ పాసైంది. తిరుమలగిరిలో మిలిటరీ సామాన్ల ఆఫీసుకు టైపిస్టు కావాలని టీచరమ్మ కబురు తెచ్చింది. ఎడ్లబండి మాట్లాడేముందు ఈ ఒక్కటీ చూద్దామంది అత్తమ్మ.

నేనూ తోడు వెళ్ళాను. మామయ్య గేటు దగ్గరే ఆగిపోయాడు. "నిజాం నౌకరీ జేసినోణ్ణి, నేనొస్తే తక్లీఫ్ అయితది. మీరు పోండి" అన్నాడు. నన్ను వరండాలో బల్ల మీద కూర్చోబెట్టారు. కిటికీలోంచి అంతా కనిపిస్తోంది. పెద్ద గుమాస్తా బొద్దు మీసాలాయన, మా ఊరి మనిషే. వదిన తలుపు తట్టింది, అసలైన తలుపు, సరైన చోట. కూర్చోమన్నాక కూర్చుంది. కాగితం ఎక్కించి మొదలుపెట్టింది. మొదటి వరస చివర మిషను గంట కొట్టింది. అదే క్షణాన వదిన కూడా "టింగ్" అంది.

ఆఫీసంతా తల తిప్పింది. రెండో వరసకు మళ్ళీ రెండు గంటలు. "ఏందమ్మా, మిషన్‌ను వెక్కిరిస్తున్నవా?" అన్నాడు పెద్ద గుమాస్తా. వెనక ఎవడో "టింగ్ టింగ్" అన్నాడు. నవ్వులు. వదిన పెదవులు బిగించేసింది. నాకు అప్పుడే భయం పట్టుకుంది, ఎందుకంటే ఆమె చెయ్యి ఆ మాట వినే కదిలేది. మూడో వరసలో గంట మోగింది. అది ఎవరి గంటో చేతికి తెలియలేదు. కొడుతూనే పోయింది. అంచు దాకా వెళ్ళి మీటలు బిగుసుకున్నాయి. ఇంకా గట్టిగా నొక్కితే అచ్చుకడ్డీలు ఒకదానికొకటి పెనవేసుకున్నాయి. మిషను పాడుచేశాననుకుంది. మెడ వెనక చెమట నాకు కిటికీలోంచి కనిపించింది. గేటు దగ్గర వేపచెట్టు కింద మామయ్య ఇటువైపు చూడకుండా నిలబడి ఉన్నాడు.

"చాలమ్మా, లేవు" అన్నాడు పెద్ద గుమాస్తా.

వదిన లేచింది. తల వంచలేదు. "మా క్లాసుల మిషన్‌కు గంట లేదు సార్. మేమే అనుకుంటం. నన్ను నోటితోని అననిస్తే ఇంకో కాగితం కొడతా."

ఆయన కాసేపు మీసం దువ్వుకున్నాడు. కడ్డీలు విడదీసి, తనే కాగితం ఎక్కించాడు. "అను. ఎవరన్న నవ్వితే నాకు చెప్పు."

ఆ తర్వాతి సేపు నాకు కలలా గుర్తు. పంకా తిరుగుతోంది. ఎవరూ కదలడం లేదు. మిషను గంట, దాని వెంటే వదిన గొంతు, నీళ్ళలో చుక్క పడ్డట్టు. కాగితం అయిపోయేసరికి ఆ రెంటిలో ఏది ముందో ఏది వెనకో చెప్పలేకపోయాను. పెద్ద గుమాస్తా కాగితం తీసి ఎండకేసి పట్టి చూశాడు. "సోమారం నుంచి రా. నీ గంట సుత తెచ్చుకో" అన్నాడు.

గేటు దాకా ఇద్దరం పరుగు లాంటి నడక నడిచాం. మామయ్య వేపచెట్టు కింది నుంచి ఎదురొచ్చాడు. వదిన ఎడమచేత్తో గాలిని పక్కకి తోసి, "టింగ్, నాయనా" అంది. ఆయన తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు. ఇల్లు దగ్గర పడ్డాక, "ఆ అట్ట జెర నాకియ్యి. ఇంగ్లీషు అక్షరాలు ఎట్లుంటయో చూస్త" అన్నాడు.

ఆ ఎడ్లబండి ఎప్పటికీ మాట్లాడలేదు. వదిన ఈ మధ్యే ఉద్యోగం నుంచి రిటైరైంది. నిన్న సాయంత్రం మా ఇంటికొచ్చి మంచం మీద నడుం వాల్చింది. మా చిన్నమ్మాయి భోజనాల బల్ల మీద, మిషను లేకుండానే, వేళ్ళతో ఇంగ్లీషు అక్షరాలు సాధన చేస్తోంది. చూసుకోకుండా బల్ల అంచు దాకా వెళ్ళిపోతోంది. కళ్ళు మూసుకునే ఉన్న వదిన మంచం మీద నుంచి మెత్తగా "టింగ్" అంది. పిల్ల ఉలిక్కిపడి, నవ్వి, చెయ్యి వెనక్కి తెచ్చుకుని మళ్ళీ మొదటి నుంచి అందుకుంది. ఆ వాకిలి నుంచి ఈ బల్ల దాకా మా బతుకులు ఎన్ని వరసలు తిరిగాయో లెక్క కడదామని కూర్చున్నాను గానీ, ఇన్నేళ్ళూ పక్కనే వదిన మెత్తగా టింగ్ అంటూ ఉండటంతో కాలం అంచు ఎక్కడుందో నాకు తెలియనే లేదు.