గోడ లేని గుమ్మం

మా కోటను ఏ శత్రువూ పడగొట్టలేదు. మేమే అమ్ముకు తిన్నాం. ఈ మాట చెప్పాలంటే ఇప్పటికీ నాకు తల కొట్టేసినట్టుంటుంది.

శిస్తు కట్టలేక ఊళ్లన్నీ వేలంలో పోయి, కోట ఒక్కటీ మిగిలిన రోజులవి. గన్నవరం దగ్గర కాలువను ఏటి మీదుగా దాటించే పని జరుగుతోంది. దొరలకు ఇటుక కావాలి. మామగారు బయటి ప్రాకారం అమ్మేశారు. పాతబడింది, విప్పించి కొత్తది కట్టిస్తామని పైకి కోతలు! ఆ డబ్బుతోనే నా పెళ్లి ఊరేగింపులో బాణసంచా కాల్చారట. అది తెలియక నేను పల్లకీలో కూర్చుని మురిసిపోయాను.

తరువాత కచేరీ చావడి పోయింది, గుర్రాల సాల పోయింది. ఇంట్లో విందులు మాత్రం తగ్గలేదు. చివరికి రాణివాసం చుట్టూ ఉన్న గోడ మిగిలింది.

మా అత్తగారిది ఘోషా. పసిపిల్లగా ఆ గోడ లోపలికి వచ్చాక పరాయి మగవాడి కంటపడి ఎరగరు. కట్టుకున్న భర్తయినా గుమ్మం దగ్గర దగ్గి, ఆడవాళ్లు సర్దుకున్నాకే లోపలికి రావాలి. ఆవిడ నగలడగలేదు, చీరలడగలేదు. ఒక్కటే అడిగారు, నా ఎదుటే.

"ఈ గోడొక్కటీ ఉంచండి. నా మర్యాదంతా దీని చాటునే ఉందండీ."

"ఆయ్, అలాగే. నీ గోడ జోలికెవరొస్తారు?" అన్నారు మామగారు.

మర్నాడు పొద్దున్నే పనుందంటూ పడవెక్కి ఆలమూరు వెళ్లిపోయారు. పడవ కనుమరుగైందో లేదో, కూలీలు గునపాలతో దిగారు. అప్పటికే బయానా పుచ్చేసుకున్నారట, మహానుభావుడు!

అత్తగారు నూతి దగ్గర తల ఆరబెట్టుకుంటున్నారు. గోడ ఒక పక్క దభాలున కూలింది. దుమ్ము తగ్గేసరికి అటు గుంపుగా మగవాళ్లు, ఇటు జుట్టు విరబోసుకుని ఆవిడ. మేస్త్రీ గబుక్కున వెనక్కి తిరిగాడు.

"అందరూ అటు తిరగండెహె! అమ్మగారండీ, మేం చూళ్లేదండి. లోపలికెళ్లిపోండమ్మా!"

అందరూ చేలవైపు తిరిగి నిలబడ్డారు. మా మామగారు అమ్ముకున్న మర్యాదకి ముక్కూమొహం తెలియని కూలీలు వీపులు అడ్డుపెట్టారు. సిగ్గుతో చచ్చిపోయాను.

అత్తగారు లోపలికి వెళ్లలేదు. జుట్టు ముడివేసుకుని, కొంగు కప్పుకుని, పరాయి మగవాళ్లతో మొదటిసారి మాట్లాడారు.

"ఇటు తిరగండి నాయనా, కూలి పోద్ది మీకు. నా పరువు మొయ్యడానికి మీరెవరు పాపం! మొయ్యాల్సినాయన పడవెక్కేరు."

సాయంత్రానికి గోడంతా పడవల్లోకి చేరిపోయింది. టేకు ద్వారబంధం మాత్రం అలాగే నిలబడి ఉంది. దానికి వేరే బేరగాడు రావాలట. అత్తగారు వాకిట్లో పీట వేసుకుని, దారిన పోయేవాళ్లందరికీ కనబడేలా కూర్చున్నారు.

అప్పుడొచ్చారు మామగారు. ఎటు నుంచైనా లోపలికి నడిచి రావచ్చు. అయినా చుట్టూ తిరిగి ఆ ద్వారబంధం ముందుకే వచ్చి నిలబడి, దగ్గారు.

అత్తగారు తలెత్తి చూశారు.

"ఎవరికోసమండీ ఆ దగ్గు?"

ఆయన గుమ్మం దాటలేకపోయారు. ఆ పూట ఆయన భోజనం గుమ్మం బయటికే పట్టుకెళ్లి పెట్టాను, మొహం చూడకుండా.