ఒక్క చేతికే పండిన గోరింట

నిన్న సాయంత్రం మధురవాడలో మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నిలబడ్డాను. కాలేజీ నుంచి మా అమ్మాయి ఇంకా రాలేదు, ఫోన్ కలవడం లేదు. "మొక్కలు కొత్తవి మేడమ్, ఆకులు దూసేత్తన్నారేటండీ?" అన్నాడు నీళ్ళు పెడుతున్న తోటమాలి. చూసుకుంటే నా చేతిలో గుప్పెడు గోరింటాకు నలిగి ఉంది. మొన్ననే అసోసియేషన్ వాళ్ళు విదేశీ పొదలు పీకించి, మన నేల మొక్కలంటూ గోరింటను కంచెగా నాటించారు.

ఉక్కునగరం క్వార్టర్లలో పెరిగినవాళ్ళూ, ఆ వాసన గుర్తుందా? ఇంటింటికీ గోరింట కంచె. ఉక్కు ప్లాంటు వైపు నుంచి వేళకాని వేళ సైరన్ మోగితే, ఏ ప్రమాదం జరిగిందోనని మన అమ్మలంతా ఆ కంచెల దగ్గరే కదా నిలబడేవారు?

ఒకరోజు అలాగే మోగింది. షిఫ్టు బస్సు వచ్చింది, అందులో నాన్న లేడు. "ఏటీ అవ్వదు వదినా, అన్నయ్య తరవాత బస్సుకొచ్చేత్తాడు," అంది పక్కింటి అత్త. అమ్మ ఆకు దూస్తూ, పిడికిట్లో నలుపుతూ అలాగే నిలబడింది. చీకటి పడ్డాక నాన్న నడిచి వచ్చాడు. "అన్నం సల్లారిపోనాది," అని మాత్రం అంది.

మర్నాడు వడ్డిస్తుంటే చూశాను, అమ్మ కుడి అరచెయ్యంతా ఎర్రగా పండి ఉంది. చుక్కా లేదు, చంద్రుడూ లేడు.

"ఎవరెట్టారమ్మా?" అన్నాను.

"మీ నాన్నే ఎట్టేడు," అంది.

నాన్న చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

మా అమ్మాయి నిన్న క్షేమంగానే వచ్చింది. ఫోన్లో చార్జింగ్ అయిపోయిందట. ఈ పొద్దున నా అరచెయ్యి పండింది. ఎవరు పెట్టారని అదింకా అడగలేదు.