మా బావ చెవులకు టోపీ పెట్టిన ప్రయాణం

అల్వాల్‌లో మేం రైలెక్కేసరికి ఉదయం పది కావస్తోంది. ప్రయాణికులం ఇద్దరం. నేను, మా అక్క భర్త నర్సింగరావు బావ. బావకు తెలిసినంత వరకు మేం సికింద్రాబాద్ వెళ్తున్నది బొంబాయి రవ్వ కోసం. నాకు తెలిసినంత వరకు ఆయన చెవుల కోసం.

బావ మృదంగం వాయిస్తాడు. మెట్టుగూడ భజన మండలిలో మృదంగం అంటే ఆయనే. రెండు వారాల కిందట ఆయన పుట్టినరోజుకు చెవుల్లో దూర్చుకునే ఇయర్‌ఫోన్లు కొనిచ్చాను. తన సాధనను ఫోన్‌లో రికార్డు చేసుకుని వాటితో విన్నాడు. అంతే, మనిషి ముఖం మాడిపోయింది. మృదంగానికి ఎడమ వైపును తొప్పి అంటారు. కడుపులో గుమ్మని మోగే ‘తొం’ అంతా దానిదే. ఆ తొప్పి ఇయర్‌ఫోన్లలో వినిపించలేదు. కుడిచేతి టకటకలు తప్ప ఇంకేమీ లేదు. వాయిస్తున్నప్పుడు వినిపించేది తన భ్రమేనని, ఎడమచెయ్యి పడిపోయిందని బావ తీర్మానించుకున్నాడు.

మొదట రవ్వను అనుమానించాడు. తొప్పి నాదం లోతుగా పలకడానికి వాయించే ముందు దాని మీద తడిపిన రవ్వ ముద్ద అంటిస్తారు. బావ రవ్వలు మార్చి మార్చి అంటించాడు. మృదంగం తినగా మిగలక మా అక్క ఇంట్లో ఉప్మా ఆగిపోయింది. వచ్చే ఆదివారం మండలిలో పెద్ద కచేరీ. వాయిస్తాడో లేదో ఈ సాయంత్రం దీపాలు పెట్టేలోగా కార్యదర్శి సులోచనమ్మకు చెప్పాలి. “వేరేటోళ్లను చూస్కోండ్రి” అనడానికి బావ సిద్ధమైపోయాడు. నిన్న అక్క ఫోన్ చేసింది. “మృదంగం మీద దుప్పటి కప్పిండురా. నాకు భయమైతుంది. నువ్వు జెర రా.”

వెళ్లి ఆ ఇయర్‌ఫోన్లు నేను పెట్టుకుని విన్నాను. నా చెవికి సరిగ్గా కూర్చున్నాయి. తొప్పి ఏనుగు నడిచినట్టు మోగింది. బావ చెవిలో మాత్రం వదులుగా వేలాడుతున్నాయి. చెవికీ, ఇయర్‌ఫోన్ కొసన ఉండే రబ్బరుకీ మధ్య సందుంటే లోతైన శబ్దమే ముందు జారిపోతుంది. పెట్టెలో వచ్చిన మిగతా సైజుల రబ్బర్లేవని అడిగితే, అక్క వాటిని గిన్నెల స్టాండు కాళ్లకు తొడిగిందట, బండ మీద గీతలు పడకుండా.

“బావా, నీ చేతికేం కాలె. రబ్బరుది తప్పు,” అన్నాను.

“నువ్వు చెప్తే నేను నమ్మాల్నా? మీ మేడ మీద ఆరేసిన అప్పడాలు ఎండకే వేగినయని, కాకులొచ్చి చట్నీ అడిగినయని చెప్పినోనివి.”

అదీ నా కష్టం. అప్పడాల విషయంలో కూడా చట్నీ ఒక్కటే కల్పితం. నిజం చెబితే బావ కదిలేలా లేడని నాకు చేతనైన పని చేశాను. మోండా మార్కెట్‌లో ఒక పాత కొట్టు ఉందని, అక్కడి రవ్వ మృదంగం మోగే చేలలో పండిన గోధుమలదని, కంకులు కూడా ఆదితాళంలో ఊగుతాయని, ఆ రవ్వ అంటిస్తే తొప్పి దానంతటదే పలుకుతుందని చెప్పాను. బావ వెంటనే లేచి చొక్కా వేసుకున్నాడు.

రైల్లో కూర్చోవడానికి చోటు దొరికింది. అల్వాల్ నుంచి సికింద్రాబాద్‌కు టికెట్టు టీ ఖర్చు కన్నా తక్కువే. అయితే ఈ దారిలో రైళ్లు తక్కువ, వేళ చూసుకుని బయలుదేరండి. ఎదురు సీటులో ఒక పెద్దమనిషి ఒళ్లో టిఫిన్ డబ్బా పెట్టుకుని మా మాటలు వింటున్నాడు. మల్కాజ్‌గిరి దాటాక ఇక ఆగలేకపోయాడు.

“ఆ రవ్వ దుకాణం ఏడ సార్? మా ఇంట్ల ఉప్మా గడ్డలు కడ్తది. తాళంల ఊగిన గోధుమలైతే జెర విడిపోతదేమో.”

“మీకు సరిపడదన్నా. మీ ఇంట్లో పోపు ఏ తాళంలో వేస్తారో తెలియాలి,” అన్నాను. ఆయన నిజంగానే ఆలోచనలో పడ్డాడు.

సికింద్రాబాద్‌లో దిగాం. స్టేషన్లో జనం ఎంతమందంటే, నేను గోక్కున్న వీపు నాది కాదని కాసేపటికి తెలిసింది. బయట హోటల్లో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తీసుకున్నాం. బావ బిస్కెట్టు ముంచి అలాగే పట్టుకున్నాడు. అది మెత్తబడి కప్పులో మునిగిపోయింది.

“చెయ్యి పోయినంక మండలిల కూసొని చప్పట్లు కొట్టుడేనా శీనూ?” అన్నాడు. నేను మిగిలిన బిస్కెట్లు కాగితంలో చుట్టి జేబులో వేసుకుని లేచాను.

మోండా మార్కెట్ నడకదూరమే. మొదట కనిపించిన కిరాణా కొట్టులో బావను గుమ్మం దగ్గర నిలబెట్టి, లోపల గొంతు తగ్గించి మామూలు బొంబాయి రవ్వ కట్టించాను. బావ పొట్లాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. అక్కడి నుంచి “దగ్గర దారి” అంటూ మొబైల్ సామాన్ల సందులోకి తీసుకెళ్లాను. నాలుగో కొట్టులో గాజులు గలగలలాడిస్తూ ఒక గట్టి గొంతు ఆవిడ కూర్చుని ఉంది. ఇయర్‌ఫోన్ల రబ్బర్లను ఆవిడ టోపీలంటుంది.

“టోపీలు చూపించమ్మా, మా బావకు,” అన్నాను.

బావకు నా ఎత్తు అర్థమై నా వైపు ఉరిమి చూశాడు. అయినా బాధ ఎవరో ఒకరితో చెప్పుకోవాలి కదా. “నాకు తొప్పి ఇనవడ్తలేదమ్మా,” అన్నాడు.

“టోపీ ఎట్ల ఇనవడ్తది సార్? పాట ఇనవడ్తది. టోపీ గమ్మునుంటది.”

“గది కాదమ్మా, ఎడమ పక్క తొప్పి...”

“ఎడమకొకటి, కుడికొకటి ఇడిగ అమ్మ సార్. ప్యాకెట్ తీస్కో, మూడు సైజులుంటయ్. చెవిల పెట్టినంక వాపస్ తీస్కోను.”

ఆ మాట న్యాయమైనదే. మీరు వెళ్లినా ముందు కొనండి, తుడిచి పెట్టుకోండి. “పెద్ద టోపీకి పెద్ద సౌండ్” అంటూ ఆవిడ పెద్దవి తొడిగి ఇచ్చింది. బావ వాటిని చెవుల్లో కుక్కుకుని “నొప్పి” అనడానికి నోరు తెరిచాడు. కుడివైపుది తుపాకి గుండులా బయటికొచ్చింది. ఎదురు కొట్టాయన టీ గ్లాసులో పడిందంటే మీరు నమ్మరు కాబట్టి, గ్లాసు పక్కన పడిందని రాస్తున్నాను. చిన్నవి పెడితే లోపల బఠానీ గింజల్లా దొర్లాయి. నా ఫోన్‌లో పెట్టిన పాట పక్కింట్లో మోగుతున్నట్టు వినిపించింది. మధ్యరకం పెట్టి, జేబులోని బిస్కెట్టు ఇచ్చి నమలమన్నాను. కుడిది కదల్లేదు, ఎడమది జారింది.

అప్పుడు నాకు తట్టింది. మనిషికి రెండు చెవులూ ఒకే కొలతలో ఉండాలని ఎవరన్నారు? కుడికి మధ్యరకం ఉంచి, ఎడమకు మళ్లీ పెద్దది తొడిగాను. బావ చెవిని పైకి లాగి, కొద్దిగా తిప్పుతూ లోపలికి నొక్కాను. సందులోని హారన్లన్నీ ఒక్కసారిగా దూరంగా పారిపోయినట్టున్నాయి, బావ కళ్లు పెద్దవయ్యాయి.

“ఏదన్నా మాట్లాడు బావా.”

“కుండల కూసొని మాట్లాడినట్టున్నది!” అని సందంతా వినపడేలా అరిచాడు. సొంత గొంతు అలా వినిపిస్తే రబ్బరు సరిగ్గా కూర్చున్నట్టే.

నురుగుతో చేసిన మెత్తటి టోపీలు కూడా ప్రయత్నించాం. వేళ్లతో నలిపి పెట్టుకుంటే అవి నెమ్మదిగా ఉబ్బి చెవిని నింపుతాయి. బయటి రొద ఇంకా తగ్గింది కానీ, పాటలోని తాళాల గలగలకు గొంగడి కప్పినట్టయిందన్నాడు బావ. మృదంగం కుడిచేతి ‘నం’ పలుకు స్ఫుటంగా ఉండాలి కాబట్టి మళ్లీ రబ్బరువే పెట్టాం. ఆవిడ తన ఫోన్‌లో బోనాల డప్పు పాట పెట్టింది. మొదటి దెబ్బకే బావ అడుగు వెనక్కి వేశాడు.

“ఇనవడ్తుందా సార్?”

“ఇనవడుడా! కడుపుల గుద్దినట్టున్నది!”

నేను ఎగిరి గంతేశాను. కానీ బావ ఇయర్‌ఫోన్లు తీసేసి మెల్లగా చుట్టుకున్నాడు. “గిది డప్పు. నాది కాదు. ఇంటే నాదే ఇనాలె.”

“ఇక్కడే విను మరి.”

“వద్దు.”

అప్పటిదాకా నెపం వేయడానికి రబ్బరు ఉంది. ఇప్పుడు టోపీలు సరిగ్గా కుదిరాయి. ఇంకా తొప్పి వినబడకపోతే చెయ్యి పోయినట్టే. బావ భయం అదీ. స్టేషన్ ఎదురుగా పూరీలు తిన్నాం. నా వాటా బావ, బావ వాటా నేను తిన్నామేమో తెలియదు. సాయంత్రం రైలు వచ్చే దాకా ప్లాట్‌ఫాం మీద కూర్చున్నాం.

రైల్లో బావకు ఎడమ పక్కన నేను, ఎదురుగా పూలమాలల బుట్టతో ఒకామె. మల్కాజ్‌గిరి వచ్చింది, బావ ఫోన్ తీశాడు. సఫిల్‌గూడ వచ్చింది, జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు. పూలామె చూసి చూసి నాతో అంది, “ఏంది, ఈ సార్‌కు పరీక్షల రిజల్టా?”

“అంతకన్నా పెద్దదమ్మా.”

అమ్ముగూడ దగ్గర బావ టోపీలు నొక్కి పెట్టుకుని, కళ్లు మూసుకుని మీట నొక్కాడు. ముఖంలో ఏమీ కదల్లేదు. నేను కిటికీలోంచి చూస్తూ ఊళ్లో ఉన్న దేవుళ్లందరికీ కొబ్బరికాయలు మొక్కాను, కొన్ని పేర్లు నేనే కల్పించి ఉంటాను. ఇంతలో నా ఎడమ... కాదు, కుడి తొడ మీద ఎవరో రోకలితో కొట్టినట్టు దబ్బున పడింది. బావ ఎడమచెయ్యి!

“ఉన్నదిరా!” అన్నాడు పెట్టె అంతా వినపడేలా. “తొప్పి ఉన్నది! రెండో చరణంల దెబ్బ తప్పిన సుత, అది గూడ మంచిగ ఇనవడ్తుంది! శీనూ, ఎంత పెద్ద తప్పో చూడు!” తన తప్పు విని అంత సంతోషించిన మనిషిని నేనెక్కడా చూడలేదు. ఇక ఆగలేదు. కుడిచెయ్యి తన మోకాలి మీద, ఎడమచెయ్యి నా తొడ మీద.

నా ఫోన్ మోగింది. సులోచనమ్మ. బావ రెండు రోజులుగా ఆవిడ ఫోన్ ఎత్తడం లేదు.

“వస్తున్నాడమ్మా! ఆదివారం మృదంగం మా బావే!”

“నువ్వు చెప్తే నేను నమ్మ శీనయ్యా. ఆయనకియ్యి.”

బావ చెవులు మూసుకుపోయి ఉన్నాయి, కళ్లు కూడా. భుజం పట్టి ఊపినా పలకలేదు, కొట్టడమూ ఆపలేదు. ఏం చేయను? ఫోన్ నా తొడ దగ్గర పెట్టాను. కాసేపటికి తీసి చెవికి ఆనించుకున్నాను.

“ఏందయ్యా ఆ చప్పుడు?”

“మా బావ ఎడమచెయ్యమ్మా. నా తొడ మీద.”

“నర్సింగరావుగారి ముక్తాయింపు నాకు తెల్వదా? సరే. ఆదివారం జల్ది రమ్మను,” అని పెట్టేసింది. పూలామె బుట్టలోంచి ఒక మల్లెమాల తీసి బావ మెడలో వేసింది, డబ్బులు వద్దంది.

ఆ ముక్తాయింపు పూర్తయ్యేదాకా బావ లేవలేదు. అల్వాల్ వచ్చింది, వెళ్లిపోయింది. బొల్లారం బజార్‌లో దిగి ఆటో మాట్లాడుకున్నాం. కుంటుతున్న నన్ను బావ చెయ్యి పట్టుకుని ఎక్కించాడు.

చెవులకు టోపీలు కొనడానికి సికింద్రాబాద్ వెళ్లాలనుకునేవాళ్లకు నా అనుభవంతో చెబుతున్నాను. ఎడమకొకటి, కుడికొకటి విడిగా చూసుకోండి. నమిలి చూడండి, మాట్లాడి చూడండి. తోడుగా మృదంగం వాయించేవాణ్ని తీసుకెళ్తే, తిరుగు రైల్లో ఆయనకు కుడి పక్కన కూర్చోండి.