హీనా, మొగలి

పెనుకొండ నుంచి ధర్మవరంలోని మా మగ్గాల వీధికి ఒక అత్తరు సాయిబు వచ్చేవాడు. మా పెండ్లిళ్లే ఆయనకు బతుకు. ఒక అత్తరు ఎడమ మణికట్టుకు, ఇంకొకటి కుడి మణికట్టుకు రాసి, కొనేవాణ్ణి పంపించేసేవాడు.

"ఇప్పుడే చెప్పద్దప్పా. స్టేషన్ దాకా పోయిరా. ఆరినాక ఏది నిలుస్తాదో అదే నీది."

నా పెండ్లికి ముందు గోరింట పూల హీనా ఒక చేతికి, మొగలి ఇంకో చేతికి రాశాడు. రెండూ తల తిరిగేంత ఘాటు.

"రెండూ పూసుకుంటే పెండ్లికూతురు పారిపోతాది" అని నవ్వి మా అరుగు మీదే కూర్చున్నాడు.

నేను స్టేషనుకు పోలేదు. పట్టు మీద ఏది బాగుంటుందో చూద్దామని లోపలికి వెళ్లి, నాయన నెల రోజులు నేసి అప్పుడే దించిన చీర కొంగుకు రెండు మణికట్లూ ఒత్తాను. అత్తరు నూనె మరక పట్టును వదలదని మగ్గం ఇంట్లో పుట్టిన నాకు తెలుసు.

"ఎవరు చేసిందిది?" అన్నాడు నాయన, చీర పట్టుకుని అరుగు మీదికొచ్చి.

"చీర చూపిస్తాంటే సాయిబు బుడ్డి ఒలికించినాడు" అన్నాను.

సాయిబు నా వైపు చూశాడు. "చెయ్యి వణికింటాదిలే అన్నా" అని నాయనకు చెప్పి పెట్టె సర్దుకున్నాడు. పెండ్లి ఇంట్లో గొడవెందుకు అనుకున్నాడేమో, నాకు తెలియదు. ఇంక మా వీధిలో అడుగు పెట్టద్దన్నాడు నాయన. ఆయన పెట్టలేదు.

కొన్నేళ్లకు, యుద్ధం రోజుల్లో, హిందూపురం సంతలో సాయిబు కనిపించాడు.

"మీ నాయన కోపం తగ్గిందా? ఇప్పుడొస్తే రానిస్తాడా?"

"అడుగుతా" అన్నాను.

అడగలేదు. ఆ ఎండాకాలం నాయన పోయాడు, మరక సాయిబుదేనని నమ్మి.