మొదటి బండికి వేడినీళ్లు

ఎనభైల చివర, మే నెల మూడో వారం. పగలు పదకొండున్నరకు లడఖ్‌లోని మా శిబిరంలో దిగాం. ఎత్తు పన్నెండు వేల అడుగులు. ఎండలో ఒళ్లు చురుక్కుమంటుంది. నీడలోకి జరిగితే వేళ్లు మొద్దుబారతాయి. నేను హవల్దార్‌ని. పన్నెండు ట్రక్కులు, పన్నెండు మంది డ్రైవర్లు నా బాధ్యత. ఎవరికీ ఇరవై రెండేళ్లు దాటలేదు. రోజూ పై పోస్టులకు సరుకు చేర్చి శిబిరానికి తిరిగి రావాలి.

ఆజ్ఞలు మూడు. బండికీ బండికీ మధ్య యాభై గజాలు. మలుపుల్లో ఎవరూ ఎవరినీ దాటకూడదు. తిరుగుదారిలో మధ్యాహ్నం రెండు గంటల లోపు వాగు దాటాలి. ఆ తర్వాత మంచు కరిగి నీళ్లు పెరుగుతాయి.

మొదటి వారం రోజూ ఆలస్యమే. అందుకని నేనే ఒక మాట అన్నాను: ముందు చేరిన డ్రైవరుకు పీపా నిండా వేడినీళ్లు. మొహం కడిగితేనే పళ్లు కొట్టుకునే చోటు అది. సాయంత్రం హాజరులో గెలిచినవాడి పేరు చదివేవాణ్ణి.

నాలుగు రోజుల్లో నలభై నిమిషాలు కలిసొచ్చాయి. డైరీలో సంతోషంగా రాసుకున్నాను. ఐదో రోజు చెక్‌పోస్టు నుంచి రేడియో పలికింది.

"తొమ్మిదో నంబరు దాటింది. ఐదోది ఇంకా రాలేదు. ఓవర్."

ముందు బండ్లను దాటొచ్చిన ఆ తొమ్మిదో బండి నడిపేది నంగునూరు కుర్రాడు. మాది ఆ దగ్గర్లోని సిద్దిపేట కాబట్టి, పక్కన ఎవరూ లేకపోతే నన్ను 'అన్నా' అనేవాడు. ఆ సాయంత్రం విడిగా పిలిచాను.

"నీళ్ల కోసం గింత తెగింపేందిరా?"

"నీళ్లెవనికి గావాలె అన్నా? నేను తానమే చెయ్యలే. రెండు దినాలు గెలిస్తి, రెండు దినాలు వంటాయనకే ఇచ్చిన."

"మరి?"

"నువ్వు పేరు చదువుతవ్ గదా. గప్పుడు అందరు మర్లి చూస్తరు."

వంటాయనను అడిగాను. నిజమే. నా డైరీలో బండ్లు చేరిన నిమిషాలున్నాయి కానీ, స్నానం ఎవరు చేశారో లేదు.

కుతూహలం పుట్టింది. పందెం మార్చాను. కింది గేరులో దిగితే బ్రేకు తక్కువ వాడతాం, చక్రం చల్లగా ఉంటుంది. బండ్లు చేరగానే మెకానిక్ ప్రతి చక్రం దగ్గరా అరచెయ్యి వెనుక వైపు పెట్టి చూసేవాడు. అన్నిటికన్నా చల్లగా ఉన్న బండి డ్రైవరు పేరు చదివేవాణ్ణి. వరసగా మూడు రోజులు తొమ్మిదో నంబరే.

నాలుగో రోజు మెకానిక్ నన్ను పిలిచాడు. వాగు దాటి రెండు గంటలైంది, మిగతా బండ్ల చక్రాలన్నీ ఆరిపోయాయి. తొమ్మిదో బండి వెనక చక్రం ఇంకా తడిగా ఉంది. ఊడదీసి చూపించాడు. బ్రేకు డ్రమ్ము మీద వెంట్రుకంత పగులు. మెకానిక్ వెళ్లాక కుర్రాణ్ణి పిలిచాను.

"ఆఖరి మలుపు కాడ ఆపి బకెట్‌తోని నీళ్లు కొట్టిన అన్నా."

"కాలిన ఇనుము మీద మంచునీళ్లు పోస్తే పగలదారా? రేపు దిగుట్ల బ్రేకు పడకపోతే? బండిల నీ పక్కన కూసునే హెల్పరుకు ఇద్దరు పిల్లలు."

"గంతదాంక సోచాయించలే," అన్నాడు.

"స్టీరింగ్ తీసేసుకో. వంటశాలకు పంపు," అన్నాడు విషయం విన్న కెప్టెన్. తప్పులో సగం నాదని చెప్పి వారం గడువు అడిగాను. పందేలు మొత్తం ఎత్తేశాను. ఏడు రోజులు పదో బండిలో, అతని వెనకే కూర్చుని చూశాను. యాభై గజాలు ఒక్కసారీ తప్పలేదు. స్టీరింగ్ అతని చేతిలోనే ఉండిపోయింది.

ఒకే మాట పన్నెండు మందికి చెప్పాను. పదకొండు మంది నవ్వుకుని టీకి పోయారు. ఒక్కడికే అంతగా ఎందుకు పట్టింది? అప్పటి డైరీలన్నీ తిరగేశాను. నిమిషాలే ఉన్నాయి.

అక్టోబరులో మమ్మల్ని దించారు. రైలు, తర్వాత ప్రజ్ఞాపూర్ మీదుగా బస్సు, సిద్దిపేట. మంచు ఎట్లుంటది, దుష్మన్ కనవడ్డడా అని వాడకట్టువాళ్లు అడిగారు. తెలిసినంత చెప్పాను.

నాకు కనిపించేది వేరు. పందేలు ఎత్తేసిన మొదటి సాయంత్రం. హాజరు అయిపోయింది, అందరూ వెళ్లిపోయారు. నేను డైరీ మూసి తలెత్తాను. టోపీ చేతిలో పట్టుకుని అతనొక్కడే అక్కడ నిలబడి ఉన్నాడు, ఇంకా ఏదో చదువుతానేమోనని.